పుచ్చని పళ్లు

మధ్యాహ్నం మూడూ నలభైకి డిటెక్టివ్ పళ్ల డాక్టర్ కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచాడు.

ఏ మనిషిని నిలదీయడానికి వచ్చాడో ఆ మనిషి చేతికే నోరు అప్పగించడం తెలివైన పనేమీ కాదు. కానీ పేషెంటుగా వస్తే తప్ప ఈ డాక్టర్ గుమ్మం దాటనివ్వడని రెండుసార్లు ఫోన్ చేశాక తేలిపోయింది. పైగా పంటినొప్పి నటన కాదు. కింద కుడివైపు దవడపన్ను రెండేళ్లుగా సలుపుతూనే ఉంది. ఒకవైపే నమలడం అతనికి అలవాటైపోయింది.

డాక్టర్‌కి నలభై ఏళ్లుంటాయి. సన్నటి వేళ్లు, మెత్తటి గొంతు. కొక్కెం లాంటి పరికరంతో పన్ను గుంటలో తడిమాడు. డిటెక్టివ్ కాళ్లు రెండూ ఒక్కసారి ముడుచుకున్నాయి.

"లోతుగానే ఉంది. నరం దాకా మాత్రం పోలేదు, అదృష్టవంతులు. ఇంజెక్షన్ ఇచ్చి ఈ రోజే ఫిల్లింగ్ చేసేస్తాను."

"ఇంజెక్షన్ వద్దు. ముందు ఏమేం రకాలున్నాయో చెప్పండి."

ఆ ప్రశ్న డాక్టర్‌కి నచ్చినట్టుంది. స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కువమందికి తెల్లది వేస్తున్నాం. రెజిన్ అంటారు. పన్ను రంగులో కలిసిపోతుంది. నీలం లైటు ఇరవై సెకన్లు చూపిస్తే రాయిలా గట్టిపడుతుంది. పిల్లల పళ్లకీ, చిగురు పక్కన పడే గుంటలకీ సిమెంటులాంటిది ఒకటుంది. అది పుచ్చుని ఆపుతుంది గానీ గట్టి నములుడికి ఆగదు. గుంట మరీ పెద్దదైతే పింగాణీ. దానికి పంటి అచ్చు తీసి ల్యాబ్‌కి పంపాలి. వారం పది రోజులు పడుతుంది, రెండుసార్లు రావాలి. బంగారం కూడా ఉంది, అది మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఈ రోజుల్లో ఎవరూ అడగడం లేదు."

"వెండి చెప్పలేదేం?"

డాక్టర్ చేతిలో పరికరం పళ్లెంలోకి వెళ్లబోతూ ఆగింది. ఒక్క క్షణమే.

"వెండి మానేశాను. ఆరేళ్లయింది. దాంట్లో పాదరసం కలపాలి. అది పంటికి అతుక్కోదు, పట్టు దొరకడానికి చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత తొలచాలి. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. ఇన్ని తిప్పలు దేనికి?"

"ఆరేళ్లలో ఒక్కరికి కూడా వెయ్యలేదా?"

"ఒక్కరికి కూడా."

డిటెక్టివ్ లేచి కూర్చున్నాడు. మెడకి కట్టిన కాగితం పీకేసి, చొక్కా జేబులోంచి ఒక ఫొటో తీసి పరికరాల పళ్లెం మీద పెట్టాడు. మార్చురీలో తీసిన ఫొటో అది. కాలి నల్లబడిన దవడ. ముందు పళ్లు వేడికి చిట్లిపోయాయి. బుగ్గలూ నాలుకా అడ్డంపడటం వల్ల వెనక పళ్లు మాత్రం మిగిలాయి. వాటిలో మూడింటి మధ్య వెండి మెరుస్తోంది.

డాక్టర్ ఫొటో వంక చూడకుండానే గుర్తుపట్టాడు.

"మీరు పేషెంటు కాదు."

"పేషెంటునే. పని కూడా ఉంది. ఈ నోరెవరిది?"

"మా బావది. మా అక్క భర్త. చొక్కాల ఫ్యాక్టరీలో మేనేజరు. ఆ వెండి పదిహేనేళ్ల కిందట నేనే వేశాను, అప్పట్లో అందరికీ అదే వేసేవాణ్ణి. పోలీసులకి ఇదంతా రాసిచ్చాను."

"పదిహేనేళ్లు నమిలిన వెండి నల్లబడాలి. అంచులు అరిగిపోవాలి. ఇది కొత్త గిన్నెలా మెరుస్తోందే?"

"ఫ్లాష్ పడింది."

"మీ బావగారి డ్రైవర్‌కి మీరెప్పుడైనా పళ్లు చూశారా?"

"లేదు. అతనెవరో నాకు తెలియదు."

మాట ముగియకుండానే డాక్టర్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. డిటెక్టివ్ ఆపలేదు. ఎవరికి చేస్తాడో అతనికి తెలుసు. సమయం మూడూ యాభై అయిదు.

ఆ డ్రైవర్ గురించి డాక్టర్ చెప్పింది పచ్చి అబద్ధం. నిన్న ఉదయం డిటెక్టివ్ ఆఫీసుకి ఒకామె వచ్చింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి. ఆమె భర్తే ఆ డ్రైవర్. ఈ నెల పన్నెండున పొద్దున్నే డ్యూటీకి వెళ్లి మళ్లీ రాలేదు. అదే రోజు సాయంత్రం ఆరున్నరకి రాళ్ల క్వారీ దారిలో మేనేజరు కారు కాలి బూడిదైంది. లోపల ఒక్కటే శవం. ఫ్యాక్టరీ డాక్టర్ రిజిస్టరులో మేనేజరు నోట్లో వెనక మూడు వెండి ఫిల్లింగులున్నాయని ఏటేటా రాసి ఉంది. శవానికీ అవే మూడు పళ్లలో వెండి ఉంది. బావమరిది వచ్చి గుర్తుపట్టి సంతకం పెట్టాడు. ఆ మేనేజరు నిర్లక్ష్యం వల్లే బాయిలర్ పేలి తొమ్మిదిమంది పోయారన్న కేసు పద్దెనిమిదిన విచారణకు రావాల్సి ఉంది. ముద్దాయి చచ్చిపోయాడు కనక అతని మీద కేసూ పోయింది.

డ్రైవర్ మాటేమిటని ఆమె మూడుసార్లు స్టేషన్‌కి వెళ్లింది. పదిహేనో తారీకున అతని లైసెన్సు చూపించి ఎవరో ఒక లాడ్జిలో దిగారని, కాబట్టి అతను ఎవర్నో తీసుకుని లేచిపోయి ఉంటాడని అక్కడ చెప్పి పంపించారు.

"మా ఆయనకి పంటినొప్పంటే ఏంటో తెలీదు సార్," అని చెప్పింది ఆమె. "సోడా సీసా మూత పంటితో లాగేసేవాడు. అలాంటిది పోయిన నెల అయ్యగారే దగ్గరుండి తన బావమరిది దగ్గరికి తీసుకెళ్లి మూడు పళ్లు బాగు చేయించారు. ఇంటికొచ్చి ఫోన్ లైటేసుకుని అద్దంలో చూసుకుని, 'చూశావే, నా నోట్లో వెండి' అని ఒకటే మురిసిపోయాడు. మూతి మొద్దుబారిపోయింది, మంచినీళ్లు తాగితే ఇటుపక్క నుంచి కారిపోతున్నాయి. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం."

"నొప్పి లేని పన్నుకి వైద్యం ఎందుకని అడగలేదా?"

"అడిగా సార్. నొప్పొచ్చేదాకా ఆగేవాడంత తెలివితక్కువవాడు ఉండడన్నారంట అయ్యగారు."

డిటెక్టివ్ అప్పుడు తన బుగ్గ తడుముకుని ఊరుకున్నాడు. ఆ డాక్టర్ నీ మొహం చూసి కూడా కాదనగలడేమో చూద్దాం, రేపు షిఫ్టు దిగగానే ఐదింటికి ఆ క్లినిక్‌కి రమ్మని చెప్పి పంపించాడు.

నాలుగూ పదికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు. అతను డిటెక్టివ్‌కి తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ఏడేళ్ల కిందట డిటెక్టివ్ రాజీనామా ఇచ్చి వదిలేసిన కుర్చీలోనే ఇప్పుడు ఇతను కూర్చుంటున్నాడు. పెళ్లి భోజనాల్లో పక్కపక్కన కూర్చోబెట్టినా ఇద్దరి మధ్యా నీళ్ల గ్లాసు తప్ప మాట కదలదు.

"ఏంటన్నయ్యా ఇది? పన్ను చూపించుకోడానికి వచ్చి డాక్టర్ ప్రాణాలు తోడేస్తున్నావట?"

"ఆయన ప్రాణానికేం ఢోకా లేదు. ప్రాణం పోయింది డ్రైవర్‌ది."

"మళ్లీ మొదలెట్టావా? ఆ డ్రైవర్ శుభ్రంగా లాడ్జిలో దిగాడు. ఆవిడకి మొహం చూపించలేక తిరుగుతున్నాడు. నీ దగ్గరికొచ్చి ఏడ్చింది కదాని నువ్వు నా కేసు తవ్వుతావా?"

"లాడ్జిలో దిగిన మనిషి మొహం ఎవరైనా చూశారా?"

"లైసెన్సు చూశారు."

"లైసెన్సుకి కాళ్లుంటాయా? శవం దగ్గరికొద్దాం. ఏం చూసి మేనేజరన్నావు?"

"పళ్లు చూసి. రిజిస్టరులో మూడు, శవానికి మూడు. అవే పళ్లు, అదే వెండి. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఎన్నున్నాయో చూశావు. ఎప్పుడు పెట్టినవో చూశావా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందిపోయింది. "నువ్వు స్టేషన్లో ఉన్నప్పుడూ ఇంతే. అందరూ గుడ్డివాళ్లు, నీ ఒక్కడికే కళ్లు. అందుకే నీతో టీ తాగడానికి కూడా ఒక్కడూ వచ్చేవాడు కాదు. ఆఖరికి వదినకి కూడా నీతో విసుగే, తెలుసా నీకు?"

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. డిటెక్టివ్ మింగేశాడు. ఇలాంటివి మింగడం అతనికి కొత్త కాదు.

"మీ వదిన సంగతి పండగ భోజనాల్లో మాట్లాడుకుందాం—" అనబోయి ఆ మాట కూడా ఆపుకున్నాడు. "ఇప్పుడు ఆ లోపలి గది చూడాలి," అన్నాడు.

"నీకేం అధికారముందని?"

"నాకేం లేదు. నీకుంది. రేపు ఆ డ్రైవర్ భార్య కోర్టుకెక్కితే, ఇన్‌స్పెక్టర్‌గారు గుమ్మం దాకా వచ్చి కూడా తలుపు తియ్యకుండా వెళ్లిపోయారని సాక్ష్యం చెప్పేది నేనే. అప్పుడు ఇద్దరం పక్కపక్కన భోంచెయ్యక్కర్లేదు కూడా."

ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరాడు. తర్వాత డాక్టర్ వైపు తిరిగాడు. "చూపించెయ్యండి డాక్టర్‌గారూ. ఈయన పీడ వదిలిపోతుంది."

"ఐదింటికి నాకొక పేషెంటు ఉన్నారు," అన్నాడు డాక్టర్.

"ఐదు నిమిషాల పని."

"మరి నర్సు కనబడదేం?" అని అడిగాడు డిటెక్టివ్. "పేషెంటు ఉన్నప్పుడు నర్సు ఉండాలిగా?"

"తలనొప్పంటే మూడున్నరకే పంపేశాను."

నాలుగూ ఇరవై. లోపలి గది ఇరుకుగా ఉంది. ఒకవైపు సింకు, దాని పక్కన పరికరాలు ఉడికించే పెట్టె. ఇంకోవైపు అచ్చులు పోసే రాతిపొడి డబ్బాలు. బల్లంతా తెల్లటి దుమ్ము. పై అరలో వాడకం మానేసిన సామాను పెట్టారు. విరిగిన దీపం, పాత బ్రష్షులు, వాటన్నిటి మీదా వేలితో రాస్తే గీత పడేంత ధూళి. వాటి మధ్య చిన్న రేడియో అంత యంత్రం ఒక్కటి మాత్రం శుభ్రంగా ఉంది.

"ఇదేంటి?"

"వెండీ పాదరసం కలిపే మిషను. పాతది."

"ఆరేళ్లుగా ముట్టని మిషను మీద ధూళి లేదేం?"

"తుడవడం కూడా నేరమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ ఈసారి గొంతు అంత గట్టిగా లేదు. తనే వేలితో ఆ మిషను రాసి చూసుకున్నాడు.

సింకు కింద బిగించిన మూతతో ఒక గాజు సీసా ఉంది. సగానికి నీళ్లు. అడుగున మూడు నల్లటి ముక్కలు, పెసరగింజలకన్నా కాస్త పెద్దవి. డిటెక్టివ్ దాన్ని పైకెత్తి వెలుతురులో పెట్టాడు.

"పంట్లోంచి తీసేసిన పాత వెండి," అన్నాడు డాక్టర్. "పారెయ్యకూడదు. పాదరసం ఆవిరి బయటికి రాకుండా నీళ్లలో వేసి ఉంచాలి."

"ఎవరివి?"

"ఎవరెవరివో. గుర్తుండదు."

"మూడే ఉన్నాయి. అంత మతిమరుపైతే ఎలా డాక్టర్‌గారూ?"

డాక్టర్ నీళ్లు నమిలాడు. అతని కళ్లు ఒక్కసారి కుడివైపు అర మీదికి వెళ్లి తిరిగొచ్చాయి. డిటెక్టివ్‌కి ఆ మాత్రం చాలు.

ఆ అరలో రాతి దవడలు వరసగా ఉన్నాయి. పింగాణీ ఫిల్లింగుల కోసం పేషెంట్ల నోటి అచ్చు తీసి, అందులో రాతిపొడి కలిపి పోసిన నమూనాలు. ఒక్కోదానికీ రబ్బరు బ్యాండుతో చీటీ కట్టి ఉంది. చివరి జత మీద చీటీ తిప్పి చూశాడు డిటెక్టివ్. మూడు వెనక పళ్ల మధ్య గిన్నెల్లా లోతైన గుంటలు. పక్కనే చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఆ గుంటలకు సరిపడా మూడు పింగాణీ ముక్కలు, ల్యాబ్ నుంచి నిన్ననే వచ్చినవి. చీటీ మీద అచ్చు తీసిన తారీకు ఇరవై. దాని కింద డ్రైవర్ పేరు.

ఇన్‌స్పెక్టర్ చీటీ లాక్కుని చదివాడు. అతని ముఖం వికసించింది.

"ఇంకేం! ఇరవయ్యో తారీకున నీ డ్రైవర్ ఇక్కడికొచ్చి నోరు తెరిచాడు. చచ్చినవాడికి పంటివైద్యం చేస్తారా అన్నయ్యా? మనిషి నిక్షేపంలా ఉన్నాడు. ఇక ఆవిడకి నువ్వే చెప్పు, నీ మొగుడు బతికే ఉన్నాడు, నీ దగ్గరికి రావడం ఇష్టంలేకే రాలేదని."

"అతనెవరో తెలియదని ఇందాకే అన్నారు డాక్టర్‌గారు."

డాక్టర్ గోడకి ఆనుకున్నాడు.

డిటెక్టివ్ జేబులోంచి ఇంకో ఫొటో తీశాడు. డ్రైవర్ భార్య ఇచ్చింది. కారు పక్కన నిలబడి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న మనిషి. పై వరసలో ముందు రెండు పళ్ల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు.

"ఈ సందు అచ్చులో చూపించు."

ఇన్‌స్పెక్టర్ రాతి దవడని తిప్పి తిప్పి చూశాడు. ముందు పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. సందు లేదు.

"ఇప్పుడు కింది వరస చూడు. ముందు నుంచి రెండోది, ఎడమవైపు."

ఆ పన్ను పక్కదాని మీదికి ఎక్కి, కొంచెం మెలితిరిగి ఉంది. డిటెక్టివ్ మూడో కాగితం విప్పాడు. పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ. బాయిలర్ ప్రారంభించిన రోజున మెడలో దండతో నవ్వుతున్న మేనేజరు. కింది వరసలో ఎడమవైపు పన్ను, పక్కదాని మీదికి ఎక్కి, మెలితిరిగి.

చాలాసేపు ఇన్‌స్పెక్టర్ అచ్చునీ బొమ్మనీ మార్చి మార్చి చూశాడు.

"మార్చురీలో ముందు పళ్లు చిట్లిపోయాయి కాబట్టి నీకు కనపడలేదు," అన్నాడు డిటెక్టివ్. అంతవరకూ అతను ఈ క్షణం కోసం ఎదురుచూశాడు. తీరా వచ్చాక దాంట్లో రుచి లేదు. "పన్నెండున కాలిపోయిన మనిషి డ్రైవర్ లైసెన్సు, డ్రైవర్ పేరు పెట్టుకుని ఇరవైన వచ్చి అచ్చుకి నోరు తెరిచాడు. నోట్లో పాత వెండి ఉన్నంతకాలం ఎక్కడికెళ్లినా అతను మేనేజరే. అందుకని తీసేయించుకున్నాడు. ఆ ముక్కలే సీసాలో ఉన్నాయి. అంతేనా డాక్టర్‌గారూ?"

డాక్టర్ గోడ వెంబడి జారి, రాతిపొడి డబ్బా మీద కూలబడ్డాడు. తెల్లకోటు నిండా దుమ్ము అంటుకుంది.

"మా అక్క కాళ్లు పట్టుకుంది," అన్నాడు. "బావ జైలుకెళ్తే నేను బతకనంది. డ్రైవర్ పళ్లకి మూడు వెండి ఫిల్లింగులు పెట్టమన్నారు. ఏ పళ్లకో బావే కాగితం మీద రాసిచ్చారు."

"ఆ పళ్లు పుచ్చాయా?"

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ముత్యాల్లా ఉన్నాయి. నా సర్వీసులో అంత మంచి పళ్లు చూడలేదు. డ్రిల్లుకి లొంగలేదు."

"మంచి పళ్లు తొలవమంటే ఎందుకని అడగలేదా?"

"అడిగితే చెబుతారేమోనని భయపడ్డాను."

గదిలో సింకు కుళాయి బొట్లుబొట్లుగా కారుతోంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని గట్టిగా బిగించాడు. అయినా కారుతూనే ఉంది.

"వెండి పూర్తిగా గట్టిపడేదాకా ఒక రోజు అటువైపు నమలొద్దని ఆ డ్రైవర్‌కి చెప్పాను," అన్నాడు డాక్టర్. "అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మీలాంటివాళ్లు ఉండబట్టే మాలాంటివాళ్లకి ఇలాంటి వైద్యం అందుతోందన్నాడు. పన్నెండో తారీకు సంగతి నాకు ముందు తెలీదు, నమ్మండి. మార్చురీలో నోరు తెరిచి చూపించారు. నా చేతిపని నేను గుర్తుపట్టనా?"

"గుర్తుపట్టి, బావ అని సంతకం పెట్టారు."

"పెట్టాను."

డిటెక్టివ్‌కి అతని మీద చెయ్యి చేసుకోవాలనిపించింది. ఆ కోరిక ఎంత బలంగా వచ్చిందంటే, తన చేతుల్ని తనే జేబుల్లో పెట్టుకున్నాడు. ఒక్కో మనిషికీ తెలిసింది కొంచెం కొంచెమే. ఒకడు పన్ను తొలిచాడు, ఒకడు కాగితం చదివాడు, ఒకావిడ కాళ్లు పట్టుకుంది. ఎవరూ హత్య చెయ్యలేదు. అందరూ కలిసి ఒక మనిషిని కాల్చేశారు.

"ఐదింటి పేషెంటు ఎవరు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. గొంతు పూర్తిగా మారిపోయింది.

డాక్టర్ పింగాణీ ముక్కల పెట్టె వైపు చూశాడు. "అవి అతికించాలి. ఇప్పుడు గుంటల్లో ఉన్నది తాత్కాలికం. మెత్తటిది, ఊడిపోతుంది. ఒకటి అప్పుడే ఊడిపోయిందట, రెండు రోజులుగా నిద్రలేదని ఫోన్ చేశారు. తప్పకుండా వస్తారు. ఈ రాత్రి రైలుకి టిక్కెట్టు కూడా ఉంది."

నాలుగూ నలభై ఆరు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి జీపుని వెనక సందులోకి తిప్పమని చెప్పాడు. ఇద్దరు కానిస్టేబుళ్లని వీధి చివర టీకొట్టు దగ్గర మామూలు చొక్కాలతో నిలబడమన్నాడు. వరసగా, తడుముకోకుండా చెప్పాడు. పని తెలియని మనిషి కాదు. తెలిసీ ఇన్నాళ్లూ చెయ్యలేదు. ఫోన్ పెట్టేశాక డిటెక్టివ్ వైపు చూడకుండా అన్నాడు.

"అన్నయ్యా, ఆవిడ మూడుసార్లు వచ్చింది స్టేషన్‌కి. మూడోసారి నేను... లేచిపోయినవాడి కోసం పోలీసులు పనిమానుకుని తిరగరమ్మా అన్నాను. అందరూ నవ్వారు."

"నువ్వూ నవ్వావా?"

"నవ్వాను."

డిటెక్టివ్‌కి అతన్ని ఓదార్చాలనిపించలేదు.

డాక్టర్‌ని కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి పెద్దదీపం వెలిగించారు. ఇన్‌స్పెక్టర్ లోపలి గది తలుపు చాటున నిలబడ్డాడు. డిటెక్టివ్ బయటి తలుపు వెనక గోడకి ఆనుకున్నాడు. తలుపు ఓరగా వేసి ఉంది. మెట్ల మీద చిన్న చప్పుడైనా వినపడుతుంది. పన్ను మళ్లీ సలపడం మొదలైంది. ఊపిరి నోటితో పీలిస్తే గుంటలోకి గాలి దూరి సూదిలా గుచ్చుతోంది. నోరు మూసుకుని నిమిషాలు లెక్కపెట్టుకున్నాడు. యాభై నాలుగు. యాభై ఆరు.

యాభై ఏడుకి కింద వీధి తలుపు కిర్రుమంది. బరువైన అడుగులు, తొందర లేకుండా, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. సగంలో ఆగి దగ్గాడు. మళ్లీ ఎక్కాడు. డాక్టర్ కళ్లు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ వేలెత్తి సైగ చేశాడు, లోపలికి రానిద్దాం అని.

అప్పుడు వీధి తలుపు మళ్లీ కిర్రుమంది. ఈసారి చెప్పుల చప్పుడు. తేలికైన అడుగులు, గబగబా, రెండేసి మెట్లు.

డిటెక్టివ్ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. ఐదింటికి రామ్మా. తనే చెప్పాడు. కానిస్టేబుళ్లు, జీపు, దీపం, తలుపు, అన్నీ గుర్తొచ్చాయి. ఆమె ఒక్కతే గుర్తురాలేదు. అచ్చం స్టేషన్లో వాళ్లకి గుర్తురానట్టే.

"కాస్త పక్కకి జరగండి బాబూ," అన్న ఆమె గొంతు మెట్ల మలుపులో వినపడి, చప్పున ఆగిపోయింది.

రెండు జతల అడుగులూ ఆగిపోయాయి.

"అయ్యగారూ?"

బరువైన అడుగు ఒకటి వెనక్కి పడింది.

"అయ్యగారూ, మీరేగా? మీసం తీసేసినా నేను గుర్తుపట్టనా? మీరు బతికే ఉన్నారా!"

ఆ గొంతులో భయం ఉంటుందనుకున్నాడు డిటెక్టివ్. అనుమానమో, కోపమో ఉంటుందనుకున్నాడు. తలుపు లాగి బయటికి వచ్చేసరికి, మెట్ల మలుపులో ఆమె ఆ మనిషి చెయ్యిని తన రెండు చేతులతో పట్టుకుని ఉంది. వాచిన బుగ్గ మీద చేతిరుమాలు అదుముకుని అతను వెనక్కి తగ్గబోతున్నాడు. ఆమె వదలడం లేదు. వదలకుండా నవ్వుతోంది. ఏడుస్తూ నవ్వుతోంది.

"మా ఆయన లేచిపోలేదని నేను అంటూనే ఉన్నా, ఎవరూ వినలేదు! ఆ కార్లో పోయింది మీరు కాదంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లేగా? మీరు బాగున్నారంటే మా ఆయన కూడా బాగున్నట్టేగా? మిమ్మల్ని వదిలి ఒక్కడుగు వెయ్యడు. ఎక్కడున్నాడు అయ్యగారూ? కింద కారు దగ్గరున్నాడా?"

మేనేజరు తల తిప్పి కిందికి చూశాడు. వీధి తలుపు దగ్గర కానిస్టేబుళ్లు కనిపించారు. పైకి చూశాడు. డిటెక్టివ్ భుజం పక్కనుంచి ఇన్‌స్పెక్టర్ దిగుతున్నాడు, చేతిలో బేడీలు.

ఆమె కూడా పైకి చూసింది. డిటెక్టివ్‌ని గుర్తుపట్టగానే ఆ ముఖం ఇంకా వెలిగింది.

"సార్! చూశారా సార్! అయ్యగారు బతికే ఉన్నారు! ఇక మా ఆయన ఎక్కడున్నాడో చెప్పమనండి సార్."

పైన గుమ్మంలో డాక్టర్ వచ్చి నిలబడ్డాడు. మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ అక్కడే ఆగిపోయాడు. డ్రైవర్ ఎక్కడున్నాడో తెలిసిన మగవాళ్లు అక్కడ నలుగురున్నారు. ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, నవ్వు చెరగనివ్వకుండా, మళ్లీ అదే అడిగింది. నలుగురిలో ఒక్కడూ నోరు తెరవలేదు.